మూత చప్పుడు

ఫిల్మ్‌నగర్, హైదరాబాద్
12 జూన్ 2025

వదినగారికి,

అచ్యుతరామయ్య నమస్కారాలు. నేను కులాసా. చుప్పి కులాసాగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఫోన్ చేస్తే మీకు వినపడదు. వాట్సాప్‌లో రాస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయంటారు. కాబట్టి పోస్టాఫీసుకి వెళ్ళి కవర్లు కొన్నాను. అక్కడివాళ్ళు నన్ను ఎవరో స్వాతంత్ర్య సమరయోధుణ్ణి చూసినట్టు చూశారు. కుర్చీ కూడా వేశారు.

నెల రోజులుగా చుప్పి నీళ్ళు విపరీతంగా తాగుతోంది. చిక్కిపోయింది. మీ చెల్లెలు లీల దాన్ని ఒళ్ళో పెట్టుకున్నప్పుడల్లా కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయనేది. ఇప్పుడు నా ఒళ్ళో ఖాళీ దిండు గలీబు వేసుకున్నట్టుంది. జూబ్లీహిల్స్‌లో జంతువుల క్లినిక్‌కి తీసుకువెళ్ళాను. డాక్టరు పేరు శ్రీనిధి. చిన్నావిడ. పదకొండేళ్ళ పిల్లి కనుక మూత్రపిండాలు కావచ్చు, చక్కెర వ్యాధి కావచ్చు, రెంటికీ మందులు వేరు, రక్తం చూడందే ఏదీ రాయలేనన్నారు.

తరువాత జరిగినదాంట్లో తప్పులన్నీ నావే. వరసగా రాస్తాను. పిల్లిని తీసుకెళ్ళే బుట్ట ఆ పొద్దునే కొన్నాను. దాన్నెన్నడూ చూడని జీవాన్ని అందులోకి తోశాను. ఆటో ఎక్కి పెద్ద రోడ్డు మీదుగా, హారన్ల మధ్య, తీసుకెళ్ళాను. క్లినిక్ హాల్లో ఎవరో హీరోగారి కుక్క ఉంది. దానికి ఇద్దరు బాడీగార్డులు. నేను బుట్టని నేల మీద, సరిగ్గా ఆ కుక్క ముక్కు దగ్గర పెట్టాను. పెద్దవాళ్ళ కుక్క కదా అని పక్కకి జరపడానికి మొహమాటపడ్డాను.

లోపల ఒకతను చుప్పి మెడ మీది తోలు గట్టిగా పట్టుకున్నాడు. ఎవరిని కరవాలో దానికి స్పష్టత ఉంది. నన్ను కరిచింది. అప్పుడు సూది చూశాను. ఆ తరువాత పైకప్పు చూశాను. మధ్యలో ఏం జరిగిందో అక్కడి పాత అటెండరు బాలనర్సయ్య చెప్పాడు.

"పిల్లి మంచిగనే ఉన్నది సార్. మీరే పడిపోయిన్రు."

ముప్పై ఎనిమిదేళ్ళు సినిమాలకి చప్పుళ్ళు చేసినవాణ్ణి. తెర మీద ఎవరు నడిచినా అడుగులు నావి. కత్తి దిగినా, ఎముక విరిగినా నా చేతుల మీదే. (ఎముకకి ములక్కాడ చాలు.) నిజం సూది, అదీ వెంట్రుకంత సూది, నన్ను పడగొట్టింది.

పక్క వీధి ఆసుపత్రిలో నా వేలికి కట్టు కట్టి, రేబిస్ సూది వేసి, నా రక్తం కూడా చూశారు. క్లినిక్‌లో అయిదారు చుక్కలు వచ్చాయట, అదీ గడ్డకట్టింది. షుగరు ఒక్కటే తేలింది. 280. కంగారులో వచ్చిన అంకె, నమ్మలేమంటున్నారు.

చుప్పి రెండు రోజులుగా మంచం కింద ఉంది. నేను మంచం మీద ఉన్నాను. మాటల్లేవు.

మీ మోకాళ్ళు జాగ్రత్త.

అచ్యుతరామయ్య


సామర్లకోట
19 జూన్ 2025

మరిదిగారికి భూలక్ష్మి ఆశీస్సులు.

280 ఏమిటండీ? స్పృహ తప్పి పడిపోయిన మనిషి మొదటి వాక్యంలో కులాసా అని ఎలా రాస్తారు? కంగారుకి వచ్చిన అంకె అని మీరంటారు. గవర్నమెంటు ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేశాను. షుగరు వచ్చిన ప్రతి మగాడూ చెప్పేది ఇదే. ఒకాయన 410 పెట్టుకుని, దారిలో లారీ చూసి భయపడ్డానండీ అన్నాడు.

ఈ పూట నుంచీ రాత్రి అన్నం మానేయండి. రెండు పుల్కాలు. కాఫీలో చక్కెర వద్దు. ఆ బేకరీ పఫ్‌లు మీరు తింటారని నాకు తెలుసు, లీల చెప్పింది. మెంతిపొడి చేసి వేరే పార్సిల్ పంపాను. పొద్దున్నే ఒక చెంచా, మజ్జిగలో.

చుప్పి సంగతి తరవాత. జూన్ నెలలో నీళ్ళు తాగడం జబ్బంటే ఈ ఊళ్ళో అందరం రోగులమే. ముందు మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. జంతువుల డాక్టరు కాదు.

పక్కింటి వాళ్ళు కొత్త బోరు వేయిస్తున్నారు. మిషను చప్పుడుకి మూడు రోజులుగా వీధి వీధంతా నెత్తి బాదుకుంటోందట. నేను మధ్యాహ్నం హాయిగా నిద్రపోయి లేచాను. చెవులు పోయినందుకు మొదటిసారి లాభం కనిపించింది. మా మేనకోడలు మళ్ళీ చెవి మిషను పెట్టుకోమంటుంది. పెట్టుకుంటే ఫ్యాను తప్ప ఇంకేమీ వినపడదు. ఫ్యాను చెప్పేది నాకు అక్కర్లేదు.

దాచకుండా రాయండి. ఇంకొకర్ని పోగొట్టుకునే ఓపిక నాకు లేదు.

భూలక్ష్మి


ఫిల్మ్‌నగర్
26 జూన్ 2025

వదినగారికి నమస్కారాలు.

280 నాది కాదు. చుప్పిది. నాది 104.

తప్పు నాదే. తక్కువ మాటల్లో రాస్తానని లీల కూడా కోప్పడేది. ఒకసారి చెన్నై నుంచి "పని అయింది, వస్తున్నా" అని టెలిగ్రాం ఇస్తే, ఉద్యోగం పోయిందనుకుని ఏడ్చింది.

మెంతిపొడి చేరింది. తింటున్నాను. చేదుగా ఉంది. అక్కర్లేకుండా తింటున్నానని తెలిసి తింటే ఇంకా చేదుగా ఉంది.

డాక్టరు శ్రీనిధి దగ్గరికి ఒంటరిగా వెళ్ళాను, చుప్పి లేకుండా. మెడ తోలు పట్టినందుకు ఆవిడే నాకు క్షమాపణ చెప్పారు. అతను కొత్తవాడట. ఇకమీదట ఆ పని బాలనర్సయ్యదే. తరువాత ఒక సంగతి చెప్పారు. భయపడితే పిల్లి రక్తంలో చక్కెర నిమిషాల్లో పెరిగిపోతుందట. జబ్బు లేకపోయినా జబ్బున్నట్టు చూపిస్తుంది. "భయపడిన రక్తం నిజం చెప్పదండీ" అన్నారు. అందుకని ఈసారి నొప్పీ భయమూ లేకుండా తీయాలి. దాని సుఖం కోసమే కాదు, నిజం తెలియడం కోసం.

ఏర్పాట్లు చాలా ఉన్నాయి. బుట్ట తలుపు తీసి హాల్లోనే ఉంచాలి. లోపల లీల శాలువా పరిచాను. ఎప్పటికైనా అదే వెళ్ళి పడుకోవాలట. ముందురోజు రాత్రి ఒక మాత్ర, సూదికి రెండు గంటల ముందు ఇంకొకటి. అది నిద్రమాత్ర కాదు, కంగారు తగ్గించేది. మాత్ర చుప్పికి, నాకు కాదు. (స్పష్టంగా రాస్తున్నాను.) వెనక కాలు లోపలివైపు కాస్త బొచ్చు తీసి, తిమ్మిరెక్కే క్రీము రాసి, గంటసేపు గుడ్డ చుట్టి ఉంచాలి. సూది పిల్లల సూది. మెడ ముట్టుకోరు. గట్టిగా అదిమి పట్టడం ఉండదు.

స్పిరిట్ దూది కూడా వద్దన్నారు. పిల్లులకి ఆ వాసన గిట్టదు. చుప్పికి మరీను. లీలకి రక్తం తీయడానికి ల్యాబ్ అమ్మాయి రష్మి సోమవారం, గురువారం వచ్చేది కదా. స్పిరిట్ సీసా మూత తీయగానే చుప్పి మంచం కిందికి దూరేది. మీరు చూసే ఉంటారు. గది దాటి మాత్రం పోయేది కాదు.

ఇన్ని ఏర్పాట్లలో చప్పుడు సంగతి ఎవరూ ఆలోచించలేదు. అది నా శాఖ. క్లినిక్‌లో వినపడే చప్పుళ్ళన్నీ ఇంట్లోనే మెల్లగా వినిపించి, అన్నం పెట్టి, అలవాటు చేద్దామనుకుంటున్నాను. డాక్టరుకి చెప్పలేదు. ఇందులో ఆవిడకంటే నాకే ఎక్కువ తెలుసు.

అచ్యుతరామయ్య

తా.క. మొన్న శుక్రవారం బుట్టలో పడుకున్నారు. చుప్పి కాదు, పనిమనిషి మల్లమ్మ మనవరాలు. నాలుగేళ్ళ పిల్ల. సరిగ్గా సరిపోయింది.


ఫిల్మ్‌నగర్
8 జూలై 2025

వదినగారికి,

మీ జవాబు రాకముందే రాస్తున్నాను. మీకు నవ్వు వస్తే నవ్వుకోండి.

క్లినిక్‌లోని చప్పుళ్ళన్నీ ఒక జాబితా రాసుకున్నాను. బొచ్చు తీసే ట్రిమ్మరు. దానికి నా గడ్డం మిషను ఉంది. ప్లాస్టరు చింపే చప్పుడుకి ప్లాస్టరే చింపాను. స్టీలు ట్రే మీద పట్టకార్లు పెట్టే చప్పుడుకి కాఫీ గిన్నె మూత తీసుకున్నాను. మీకు గుర్తుందా, ఎక్కడ పెట్టినా సరిగ్గా కూర్చోదే, అంచు నిండా సొట్టలు, అది. కుక్కకి మాత్రం వస్తువులేమీ చాలవు. కుక్కని నేను నోటితోనే చేస్తాను. ఆ రోజుల్లో స్టూడియోల్లో నా కుక్కకి పేరుండేది.

పొద్దున పదింటికి హాల్లో కూర్చుని మెల్లగా మొదలుపెట్టాలనుకున్నాను. కానీ సగం చప్పుడు చేయడం నాకు రాదని అప్పుడే తెలిసింది. మొదటి మొరుగుకే చుప్పి గోడ ఎక్కి, అల్మారా ఎక్కి, అటక మీదికి వెళ్ళిపోయింది. కింది ఫ్లాటులో నిజం కుక్క జవాబిచ్చింది. దానికి నేను మళ్ళీ జవాబిచ్చాను. పాత అలవాటు. అప్పుడే గుమ్మంలో మల్లమ్మ.

"ఏంది సార్! కుక్క లెక్క మొరుగుతున్నరు? పానం మంచిగున్నదా?"

"పిల్లి కోసం మల్లమ్మా."

"పిల్లి కోసం కుక్క లెక్క మొరిగెటోళ్ళను నేనేడ సూడలె." చీపురు అక్కడే పెట్టి, నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జ్వరం లేదు" అంది. అది ఆవిడకి ఇంకా భయంగా అనిపించినట్టుంది. ఆ సాయంత్రం అపార్ట్‌మెంటు సెక్రటరీ ఊరికే పలకరించడానికి వచ్చి వెళ్ళాడు.

చుప్పి రెండు రోజులు అటక మీదే ఉంది. నిచ్చెన వేసి అన్నం, నీళ్ళు పైకి చేరవేశాను. డాక్టరుకి చెబితే మొదటి నుంచీ మళ్ళీ చెప్పమన్నారు. తరువాత, "ఇకమీదట మీరేమీ చేయకండి సార్, ప్లీజ్" అన్నారు. నా పనికి ఇంత సూటిగా విమర్శ ఎవరూ రాయలేదు.

అన్నిట్లోకీ విఫలమైంది స్టీలు ట్రే. మూడో రోజు మళ్ళీ ఆ మూత ఒక్కటే చిన్నగా మోగించి చూశాను. దానికి పిల్లి భయపడనే లేదు. పైగా అటక దిగి వచ్చి వంటింటి గుమ్మంలో కూర్చుంది. ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవంతో చేసిన చప్పుడు పిల్లికి ట్రేలా వినిపించలేదన్నమాట.

బరువు 2.7 కిలోలు. మేలో 3.4 ఉండేది. డాక్టరు శనివారం, పంతొమ్మిదిన, ఇంటికే వచ్చి రక్తం తీస్తామన్నారు. ఇక ఆలస్యం చేయకూడదట.

అచ్యుతరామయ్య


సామర్లకోట
9 జూలై 2025

మరిదిగారికి భూలక్ష్మి ఆశీస్సులు.

104 అని చదివి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఇంకెప్పుడైనా అంకెలు రాస్తే పక్కన ఎవరివో రాయండి. మెంతిపొడి మాత్రం ఆపకండి, ఒంటికి మంచిదే.

మీ డాక్టరమ్మ చెప్పినవన్నీ చదివాను. బంగారం లాంటి పిల్ల. మా రోజుల్లో మనుషులకే అంత ఓపిక చూపించలేదు. పిల్లల వార్డులో ఇద్దరం కాళ్ళు పట్టుకుంటే ఒకరు గుచ్చేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. సూదికంటే పట్టుకున్న చేతులే ఎక్కువ నొప్పి పెడతాయి. ఆ సంగతి నాకు రిటైరయ్యే ముందు తెలిసింది. ఇంకొకటి చెప్పనా, గుచ్చేవాళ్ళ చేతులు వెచ్చగా ఉండాలి. నేను వేణ్ణీళ్ళ గ్లాసు పట్టుకుని వెళ్ళేదాన్ని. మీ బాలనర్సయ్యకి చెప్పండి.

అన్నిటికంటే ముఖ్యం, సూది పడేవేళ అయినవాళ్ళు పక్కన ఉండాలి. పిల్లయినా అంతే, మనిషైనా అంతే. డాక్టరు సూది తీయగానే కాఫీ వంకన బయటికి జారుకోకండి. మీకది బాగా అలవాటు!

ఇక్కడ బోరు పడింది. మూడొందల అడుగులకి నీళ్ళు. వీధంతా పాయసం పంచారు. మీకు పంపుదామంటే ఎలా? పోస్టులో పాయసం వెళ్ళదు.

చుప్పికి నా తరఫున గడ్డం కింద గోకండి.

భూలక్ష్మి


ఫిల్మ్‌నగర్
16 జూలై 2025

వదినగారికి,

తొమ్మిదో తారీఖు ఉత్తరం అందింది.

మీరు రాసింది నిజం. బెల్లు మోగగానే లీల, "ఆ అమ్మాయికి కాఫీ ఇవ్వండి" అనేది. నేను వెళ్ళేవాణ్ణి. రష్మి ఎప్పుడూ కాఫీ తాగేది కాదు. తాగదని రెండోసారికే తెలిసింది. అయినా ప్రతిసారీ కలిపాను. నరం దొరక్క మూడుసార్లు, నాలుగుసార్లు గుచ్చేవారని నాకు తెలుసు. వంటింట్లో నించుని ఏడు నిమిషాల కాఫీని పావుగంట చేసేవాణ్ణి.

మీరు చేయి పట్టుకుని గదిలో ఉన్నారు. చుప్పి భయపడుతూనే గదిలో ఉంది. నేను లేను.

ఇన్నాళ్ళూ ఎవరూ అనలేదు. అన్నందుకు కోపం లేదు.

శనివారం డాక్టరుని రావద్దని చెప్పాను. మళ్ళీ పడిపోతాను, లేదా మళ్ళీ జారుకుంటాను. రెండూ దానికి మంచివి కావు.

మోకాళ్ళకి ఆ నూనె రాస్తున్నారా.

అచ్యుతరామయ్య


సామర్లకోట
22 జూలై 2025

మరిదిగారూ,

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపిస్తున్నాను. చదివిన వెంటనే డాక్టరమ్మకి ఫోన్ చేయండి. మిగతాది తరవాత చదవండి.

చేశారా? ఇప్పుడు చదవండి.

నేను తమాషాకి రాశాను. అది మీ మీద వేసిన నింద కాదు. నేనూ లీలా నవ్వుకునే మాట అది. ఆ నవ్వులో మీరు లేరన్న సంగతి మరిచిపోయి మీకే రాసేశాను. డెబ్బై రెండేళ్ళ బుర్ర.

లీల చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు తప్పుతున్నాను. అది తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి.

మిమ్మల్ని వంటింట్లోకి పంపింది లీల. మీరు జారుకోలేదు. రష్మి కాఫీ తాగదని దానికి మీకంటే ముందే తెలుసు. మొదటిసారి మీరు గదిలోనే నించున్నారట, నేను అప్పటికి ఇంకా రాలేదు. సూది తీసేలోపు మీ మొహం చూసి లీలకి చెయ్యి బిగుసుకుపోయిందట. "అక్కా, ఆయన మొహంలో నా నొప్పంతా కనపడుతుంది. అది చూస్తే ఇంకో రెండు సూదులు పడ్డట్టుంటుంది" అంది. అందుకని కాఫీ.

ఇది సగమే. మిగతా సగం వినండి.

మీరు వంటింట్లో చేసే చప్పుళ్ళు వింటూ అది సూది వేయించుకునేది. నాకు వినపడదు కదా, రష్మి నరం వెతుకుతుంటే నా మొహం కేసి తిరిగి, నెమ్మదిగా పెదాలు కదుపుతూ చెప్పేది. "ఇప్పుడు లైటర్ వెలగలేదు. మళ్ళీ వెలగలేదు. ఇప్పుడు పాలు పెట్టారు. ఇప్పుడు చక్కెర డబ్బా మూత రావడంలేదు." చివరికి కాఫీ గిన్నె మూత పడేది. ఏ రోజూ పడకుండా లేదు. "పడేశారు!" అని నవ్వేది. ఒక్కోసారి ఆ నవ్వుకి సూది కదిలి రష్మి కేకలేసేది. అంత బాధలోనూ మూత కోసం కాచుకుని ఉండేదంటే నమ్మండి. ఆ తరవాత మీరు మీగడ చెంచాతో పెడతారని చుప్పి మంచం కింద నుంచి పరిగెత్తేది. నాకు ఒక్క చప్పుడూ వినపడలేదు గానీ, మీ వంటిల్లు మొత్తం నాకు తెలుసు.

మీకు చెప్దామని నేనంటే వద్దంది. "తెలిస్తే ఆయన కావాలని చేస్తారక్కా. అప్పుడది ఎఫెక్ట్ అయిపోతుంది. సినిమాల్లో ఎన్నో విన్నాను. ఇది నా కోసం చేస్తున్నట్టు తెలియకుండా చేస్తున్నారు. ఇదే బాగుంది" అంది.

ఇక నా దగ్గర దాచినవేమీ లేవు. పిల్లికి రక్తం తీయించండి.

భూలక్ష్మి


ఫిల్మ్‌నగర్
11 ఆగస్టు 2025

వదినగారికి నమస్కారాలు.

రక్తం తీశారు. ముందు అది చెప్పి మిగతాది రాస్తున్నాను.

మీ ఉత్తరం గురించి వేరే రాయను. రాయడం చేతకాదు. మూడు రోజులు వంటింట్లోకి వెళ్ళలేదు. మల్లమ్మ తన ఇంటి నుంచి అన్నం తెచ్చింది. మళ్ళీ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఫోన్ మాత్రం ఆ రోజే చేశాను, డాక్టరుకి వీలైంది మొన్న శనివారం. పొద్దున ఆవిడ, బాలనర్సయ్య వచ్చారు. బొచ్చు అంతకుముందు మంగళవారమే బాలనర్సయ్య వచ్చి తీసి వెళ్ళాడు, రెండు పనులూ ఒకే రోజు పెట్టుకోకుండా. మాత్రలు వేశాను. క్రీము రాసి గుడ్డ చుట్టాను. నాకు గంటన్నర పట్టింది. ఒక చొక్కా పాడైంది. నా వేళ్ళకి కూడా తిమ్మిరెక్కింది.

చుప్పి లీల మంచం మీద, శాలువాలో ఉంది. మత్తుగా, కళ్ళు సగం మూసుకుని. బాలనర్సయ్య వేణ్ణీళ్ళ గ్లాసు పట్టుకుని చేతులు వెచ్చ చేసుకున్నాడు. మీ మాట చెప్పాను. "గా అమ్మ ఎవరోగని తెలిసిన మనిషి సార్" అన్నాడు. చెయ్యి దాని భుజం మీద ఊరికే ఆనించాడు. పట్టుకోలేదు.

నేను పక్కనే కూర్చున్నాను. కూర్చోవాలని నిశ్చయించుకున్నాను. వేలికి చుప్పి తినే ముద్ద రాసుకుని దాని నోటి దగ్గర పెట్టాను. డాక్టరు సూది కవరు చింపారు. నేను సూది వైపు చూడలేదు. అయినా చుప్పి నా మొహం చూసింది. నాకడం ఆపింది. కాలు దగ్గరికి లాక్కుంది.

డాక్టరు ఆగారు. బాలనర్సయ్య నన్ను చూశాడు.

"సార్, ఏమనుకోకుర్రి. మీ మొకం జూస్తే నాకే భయమైతుంది. జర పోయి కాఫీ పెట్టరాదు?"

ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. లేచి వెళ్ళాను.

వంటింట్లో మొదటి రెండు నిమిషాలు నటించాను. దాచను. స్పూను గ్లాసుకి తగిలించాను. చక్కెర డబ్బా మూత తిప్పాను. గిన్నె స్టౌ మీద పెట్టాను, కాస్త గట్టిగా. ఒక్కటీ బాగాలేదు. చిన్న సినిమాకి హడావుడిగా చేసినట్టుంది. లీల వింటే చెప్పేసేది, ఇది వద్దు, ఇంకోటి చేయండి అని. అక్కడ నించుని నా పని మీద నాకే సిగ్గేసింది. చేయడం మానేశాను. ఇక కాఫీ మాత్రమే కలుపుదామనుకున్నాను. వచ్చినవాళ్ళు ఇద్దరు, నేను ఒకణ్ణి.

లైటర్ వెలగలేదు. నాలుగోసారి వెలిగింది. చక్కెర డబ్బా అందుకుని తిరిగి చూసేసరికి పాలు పొంగుతున్నాయి. గుడ్డ దొరకలేదు. ఉత్తచేత్తో గిన్నె మూత తీశాను. క్రీముతో వేళ్ళకి తిమ్మిరి ఇంకా పోలేదు, అందుకే కాలిందని ఆలస్యంగా తెలిసింది. తెలిశాక వదిలేశాను. అది గట్టు మీద పడి, నేల మీద పడి, స్టూలు కిందికి దొర్లి, అక్కడ చాలాసేపు గిరగిరా తిరిగి ఆగింది.

గదిలో నుంచి బాలనర్సయ్య కేక.

"సార్! గిన్నెలన్ని పడగొట్టకుర్రి, పని అయిపోయింది!"

"ఎప్పుడు?"

"గిప్పుడే. గా సప్పుడికి చెవులు రిక్కించి వంటింటి దిక్కే చూసింది. మేడం అంతట్ల తీసేసింది. దానికి తెల్వనే తెల్వదు."

చుప్పి మంచం దిగి, తూలుతూ, వంటింటి గుమ్మం దాకా వచ్చి కూర్చుంది. మీగడ కోసం. జూలైలో అటక దిగి వచ్చి కూర్చున్నది కూడా అక్కడే. నేనేమో ట్రే కుదరలేదని మీకు రాశాను.

పాలు పిల్లులకి పడవని డాక్టరు అన్నారు. వేలి కొనంత మీగడకి ఒప్పుకున్నారు. ఆవిడ కాఫీ తాగారు. బాలనర్సయ్య కూడా తాగాడు. చక్కెర సరిపోయిందా అని అడిగాను. వేయలేదన్నారు.

ఫలితం నిన్న వచ్చింది. షుగరు 118, చుప్పిది. చక్కెర వ్యాధి లేదు. మూత్రపిండాలు కొంచెం దెబ్బతిన్నాయి, కానీ తొందరగా పట్టుకున్నామన్నారు. తిండి మార్చాలి. నీళ్ళు ఎన్ని తాగినా తాగనివ్వాలి. మూడు నెలలకి మళ్ళీ రక్తం చూడాలి. నవంబరులో. ఆ నెలలోనే లీల సంవత్సరీకం కూడా వస్తుంది, మీరు ఎలాగూ వస్తారు. సూది రోజున గదిలో కూర్చోండి. నేను వంటింట్లో ఉంటాను.

మూత కడిగి ఆరబెట్టాను. అంచు చుట్టూ వేలు పెట్టి చూశాను. సొట్టలు చాలా ఉన్నాయి. ఏది ఏ సోమవారానిదో, ఏది ఏ గురువారానిదో తెలియదు. కొత్తది మాత్రం తెలుసు. అది చుప్పిది.

అచ్యుతరామయ్య